తరుగు

వాన రాలేదని బీమా అడిగిన ఊళ్ల నుంచి వచ్చినోళ్లం.
వాన వచ్చిందని అడగడం ఇదే మొదలు.

అనంతపురం, రుద్రంపేట దాటినాక, వంక ఒడ్డున మూడో వీధి.
గోడ మీద బురద గీత నా భుజమెత్తున ఉంది.
సర్వేయర్ జిలానీ సార్ టేపు పెట్టి
నాలుగడుగుల రెండంగుళాలని రాసుకున్నాడు.
ఆ రెండంగుళాలు ఎందుకో నాకు నచ్చినాయి.
మా కష్టాన్ని ఎవరూ అంత సరిగ్గా కొలవలేదు.

ఇంటికి పాలసీ ఉందని ఆయన చెబితేనే తెలిసింది.
లోను ఇచ్చేటప్పుడు బ్యాంకు కట్టించుకున్నదంట,
నలభై సంతకాల్లో ఒక సంతకం.
గోడలకుంది, కప్పుకుంది, గచ్చుకుంది.
గోడల మధ్య ఉన్నదానికి లేదు.
కుట్టు మిషన్, రెండు బస్తాల జొన్నలు,
ఇస్తిరి పెట్టి ఆరబెట్టిన హిమజ టెన్త్ మెమో,
వీటన్నిటికీ గోడలే సాక్ష్యం.

కారు దగ్గరికి వచ్చినాం.
వరద దైవకృత్యమంట, దానికి ఇస్తారంట.
"ఏ దేవుడు సార్?" అన్నాడు మా కుళ్లాయప్ప.
ఎవరూ నవ్వలేదు.
రబ్బరుకు, ప్లాస్టిక్‌కు సగం కోత. అద్దానికి లేదు.
తరుగు గురించి నాకెవరూ చెప్పబల్లేదు.
మార్కెట్ యార్డులో మా నాయన శనక్కాయ మూటకు
కిలోన్నర తీసేవాళ్లు,
మట్టికని, తేమకని, ఊరికేనని.

"నీళ్లలో ఉండగా స్టార్ట్ చేసినారా,
తోసుకొచ్చినారా?"
పెన్ను ఆగింది. మా ఆయన నా దిక్కు చూసినాడు.

తెల్లారి నీళ్లు మోకాళ్లకు దిగినప్పుడు
తాళం తిప్పింది నేను.
యాడికీ పోవడానికి కాదు.
ముక్కు కింద వేలు పెట్టి చూస్తారే, అట్ల.
ఒకసారి దగ్గింది.
మళ్లా తిప్పితే లోపల ఏదో విరిగిన సద్దు.

అట్ల తిప్పితే ఆ నష్టం వరదది కాదంట,
తిప్పిన చేతిదంట.
దేవుడు చేసినదానికి ఇస్తారు,
మనం కంగారు పడినదానికి ఇయ్యరు.

తోసుకొచ్చినామంటే సరిపోయేది.
సార్ కూడా ఆ మాట కోసమే
టేపు అంత నిదానంగా చుట్టుకున్నాడేమో.
"నేనే తిప్పినా" అన్నాను.
మంచితనమేం కాదప్పా.
రెండంగుళాలు కూడా వదలకుండా రాసుకున్న మనిషికి
అబద్ధం చెప్పబుద్ధి కాలేదు, అంతే.

వచ్చిన డబ్బు సీట్లకు, వైర్లకు సరిపోయింది.
ఇంజన్ ఇంకా మెకానిక్ ఖాతాలో బాకీ.

ఈ ఏడు రెన్యువల్‌కు ఏజెంటు ఓబుళేసు వచ్చినాడు.
"ఎప్పటి మాదిరే కదక్కా, ఇక్కడ సంతకం."
మా అత్త కళ్లజోడు పెట్టుకున్నాను.
హిమజ పక్కన కూచుని
ఇంగ్లీషు మాటల కింద పెన్సిల్ గీస్తాంది.
ఇంజన్‌కు విడిగా కట్టొచ్చంట, తొమ్మిదివందల చిల్లర.
ఇంట్లో సామాన్లకు ఇంకొకటి ఉందంట.
"ముందే చెప్పకపోతివే?"
"మీరు అడగలేదు కదక్కా."

పద్నాలుగో పేజీ కాడ ఆయన టీ చల్లారింది.
ఇంకా పదకొండు ఉన్నాయి.
కూచో ఓబుళేసూ, అన్నాను.