నూట ఇరవై ఒకటి

కరెంటు బిల్లు వెనకాల
మూడు గళ్లు గీశాను రాత్రి.
ఒకటి జునైద్‌కి, ఒకటి మిథిలకి,
మూడోది అందరం కలిసి ఎక్కేవాటికి.

పక్కింటి జునైద్ గడి
పెన్ను మూత తియ్యకముందే నిండిపోయింది:
తలకిందులుగా తిప్పేది, పైనుంచి పడేసేది,
కేకలు ఔటర్ రింగ్ రోడ్డు దాకా వినపడేది, అది రెండుసార్లు.
మిథిల గడిలో ఒక్కటే.
చిన్న రైలు.
పక్కనే తన చేత్తో రాసుకుంది:
"సొరంగం లేకపోతేనే."

పుష్పలీల నిమ్మకాయలు పిండుతూ వంటింట్లోంచే అంది:
"భయపడే పిల్లను పట్కపోయి ఏం జేస్తవ్?
ఆ టికెట్ పైసలతోటి నెల పాలొస్తయ్."
నిజమే. కానీ టికెట్లు మా కంపెనీ ఇచ్చింది,
దసరాకి, బోనస్‌కి బదులు.

నేను లిఫ్టులు బాగుచేస్తాను.
పన్నెండేళ్లుగా కూకట్‌పల్లి నుంచి కొండాపూర్ దాకా
అపార్ట్‌మెంట్ల గొంతుల్లోకి దిగి వస్తున్నాను.
నా కూతురు మాత్రం
మేనత్త ఇంటికి ఐదంతస్తులూ మెట్లెక్కే పోతుంది.
"నువ్వు తోడుంటే ఎక్కుతా" అనదు.
"లోపల నువ్వున్నప్పుడే ఆగిపోతే
బయటినుంచి ఎవరు బాగుచేస్తరు?" అంటుంది.
దీనికి నా దగ్గర జవాబు లేదు.
కంపెనీ దగ్గరా లేదు.

ఇక ఆ రాత్రి నిద్ర ఎక్కడిది.
దాన్ని ఆపేటాయన అన్నానికి పోతే?
పైకి పోయినంక కరెంటు పోతే?
మధ్యలో ఒంటికొస్తే?
అంత పైనుంచి పిలిస్తే అమ్మకు వినబడ్తదా?

నవ్వబోయి ఆగాను.
మా సేఫ్టీ క్లాసులో మొదటిరోజే
అడగాల్సినవి ఇవి. మేమెవరం అడగలేదు.

బ్రేకు సంగతి చెప్పాను:
"కరెంటు ఉండేది బ్రేకు వదలనీకే బిడ్డా.
పట్టుకోనీకి కాదు.
కరెంటు పోయిందనుకో, దానంతట అదే పట్టేస్తది."
కాసేపు ఆలోచించింది.
"లిఫ్టుది అట్ల. దానిది?"
"దానిదీ అట్లనే" అన్నాను.
నేను చూడలేదు. అట్లనే ఉండాలి.

తర్వాత తలుపు చెక్కకి నిలబెట్టి
పని సంచిలోంచి స్టీలు టేపు తీశాను.
నూట ఇరవై ఒకటి.
పెద్దవాటికి నూట ఇరవై చాలు.
జునైద్ ఎగిరి చప్పట్లు కొట్టాడు.
మిథిల ఆ పెన్సిలు గీతను చాలాసేపు చూసింది,
వద్దనుకున్న బడిలో సీటొచ్చినట్టు.

పొద్దున రెండు బస్సులు, ఒక షేర్ ఆటో.
పులిహోర డబ్బా గేటు దాటనివ్వలేదు;
పార్కింగ్‌లో నిలబడి
పదకొండు కాకముందే తినేశాం.

పెద్దదాని ముందు ఒక చెక్క ఏనుగు,
తొండం అడ్డంగా చాపి.
దాని కిందినుంచి దూరిపోయేవాళ్లు ఎక్కకూడదు.
పిల్లలందరూ మునివేళ్ల మీద లేస్తున్నారు.
ఒకడు జుట్టు నీళ్లతో పైకి దువ్వుకున్నాడు.
ఒకడి బూట్లలో వాళ్ల నాన్నే
కర్చీఫు మడిచి పెడుతున్నాడు.

మిథిల వంతు వచ్చింది.
గౌను లోపల మోకాళ్లు
ఓ రెండు సెంటీమీటర్లు
వంగాయి.
ఎవరికీ కనబడలేదు.
అంతస్తుకీ లిఫ్టుకీ అంత తేడా ఉంటే
అడుగు చప్పుడులోనే పట్టేస్తాను నేను.

"ఇంకొంచెం పెరగాలమ్మా" అన్నాడు టోపీ పిల్లాడు.
నా వైపు తిరిగింది.
ఎక్కడ సాక్ష్యం చెబుతానోనని.
"అవునన్నా, వచ్చే ఏడు చూద్దాం" అన్నాను.
ఆ మాట అంటుంటే నా కడుపులోనూ ఏదో
మెల్లగా కిందికి దిగి ఆగింది.

జునైద్ ఒక్కడే వెళ్లాడు.
బెల్టు పడగానే వాడి మొహం
మూడేళ్లు చిన్నదయింది.
అప్పుడు మిథిల రెయిలింగ్ ఎక్కి,
వరస మొత్తం తిరిగి చూసేలా అరిచింది:
"భయ్యా! కరెంటు పోతే
అదే పట్టుకుంటది! ఏం గాదు!"

చిన్న రైలుకి సొరంగం ఉంది.
కళ్లు మూసుకుంది. నేనూ.

రాత్రి చెప్పులు విప్పుతూ చూశాను.
తలుపు చెక్క మీద నా గీతకి రెండు సెంటీమీటర్ల కింద
వంకరగా ఇంకో గీత.
దాని పక్కన ఆ రోజు తేదీ.