అరవై మూడు శాతం

ఉలాన్‌బాతర్‌లో మైనస్ ముప్పై.
జపాన్‌లో ఎవరో వాడి వదిలిన కారు
తాళం తిప్పగానే ఏదో అనేది, మర్యాదగా, ఆడగొంతుతో.
దుల్మా "ఊఁ" కొట్టేది.

"మన మాట నేర్పిస్తా అక్కా" అన్నాడు
సంతలో ఫోన్లు బాగుచేసే తూమెన్.
ఆ అప్‌డేటు ఎవరు రాశారో వాడికీ తెలీదు.
పెన్‌డ్రైవ్ గుచ్చాడు.
అరవై మూడు శాతం దగ్గర
తెర నల్లబడి ఊరుకుంది.

వెనక చూపే కన్ను పోయింది.
హీటరు మీటలూ ఆ తెరలోనివే.
తూమెన్ ఫోనెత్తడు.
అద్దానికి లోపల పట్టిన మంచుని
బస్సు కార్డుతో గీకుతూ బేరాలు తిప్పుతోంది.

జపనీస్ చదివే పిల్ల ఎక్కింది నిన్న.
గుర్తున్నంత మేర ఆ మాట అప్పజెప్పింది దుల్మా.
పిల్ల నవ్వింది:
"కార్డు పెట్టలేదు, కార్డు పెట్టలేదు అనేదక్కా.
అక్కడి టోల్‌గేటుది."

ఇవాళ తాళం తిప్పి, కాసేపాగి,
"ఊఁ" అంది దుల్మా.