పదకొండు సెకన్ల నీళ్ళు

ఆ సినిమాలో పదకొండు సెకన్ల నీళ్ళు నావి.
ఇంటర్వెల్ తర్వాత నది గోడలా లేచి నిలబడుతుంది చూడండి,
దాని కుడివైపు నురగ.
మూడు నెలలు చేశాను,
హైదరాబాదులో, ఏసీ గదిలో, దుప్పటి కప్పుకుని.
గోదారి ఒడ్డున పుట్టానని ఆ పని నాకిచ్చారు.
తెల్లగా కావాలన్నారు. ఇంకా తెల్లగా.
వరద నురగ తెల్లగా ఉండదు సార్,
టీ మీద మీగడ రంగు, అన్నాను.
నవ్వారు.

మా మేనమామ లంకే పల్లాలుకి చూపిద్దామని
సఖినేటిపల్లి రేవులో పంటెక్కించి
నర్సాపురం తీసుకెళ్ళాను, ఫస్ట్ షోకి.
ముప్పయ్యేళ్ళుగా ఆ పంటు మీదే ఆయన పని:
తాడు విసరడం, తాడు చుట్టడం,
మోటారుసైకిళ్ళ మధ్య మేకల్ని సర్దడం.
ఆ పూట సెలవు పెట్టాడు. ఇస్త్రీ చొక్కా తొడిగాడు.
హాల్లో ఇచ్చిన నల్లద్దాలు
తన కళ్ళజోడు మీదే తగిలించుకున్నాడు.

కొండలు కూలాయి.
కూలిన కొండల్లోంచి ఇంకా పెద్ద కొండలు లేచాయి.
లారీ అంత పీత ఒకటి
ఊరిని నమిలి ఊసింది.
హీరో చాలాసేపు గాల్లోనే ఉన్నాడు,
నేల మీద అతనికేం పనో ఎవరూ చెప్పలేదు.
వాళ్ళమ్మ చచ్చిపోయింది.
ఎప్పుడొచ్చిందో తెలీదు, పేరు తెలీదు,
మేం ఏడుద్దామా అనుకునేలోపు
రెక్కల పాము వచ్చేసింది.
నిప్పురవ్వల వెలుగు అతని మొహం మీద ఎంత అందంగా పడిందో!
వెలుగు ఒక్కటే పడింది.
మొహం చెరిగేసిన చేట.

నా నీళ్ళొచ్చాయి.
"మామా, ఇదే, ఇదే" అన్నాను.
ముందుకు వంగి, నోరు కొంచెం తెరిచి చూశాడు.
"బాగుందిరా. ఇది పోటా, పాటా?"
జవాబు వెతుక్కునేలోపు అయిపోయింది.

పేర్లు పడుతుంటే జనం లేచిపోయారు.
చీపురు పట్టుకుని కుర్రాడొచ్చాడు.
మామ కదల్లేదు.
చీమల బారులా వందల పేర్లు,
అందులో నాది కూడా పాకిపోయింది, ఇంటిపేరు తప్పుగా.
ఆయనకి చదవడం రాదు.
"వచ్చిందా?"
"వచ్చింది."
అప్పుడు లేచాడు.

ఆఖరి పంటు.
నడి గోదాట్లో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.
ముందే చెప్తున్నాను, ఏమీ జరగలేదు.
ఎవరూ మునగలేదు, ఎవరూ ఎగరలేదు.
ఖాళీ చేపల తట్ట పక్కన కూర్చున్న నూకరత్నం
ఎవరి పిల్లాడో ఏమో, వాడి చొక్కా పట్టుకుంది.
ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నాయన
మాట మధ్యలో ఆపి, ఫోను చెవికే ఉంచుకున్నాడు.
చప్పుడు లేకుండా, తొందర లేకుండా
నీరు మమ్మల్ని అంతర్వేది వైపు లాగుతోంది.
అంటే సముద్రం వైపు.

మామ చొక్కా చేతులు మడిచాడు.
వంగి నీళ్ళలో వేళ్ళు ముంచి
నాలిక్కి తాకించుకున్నాడు.
"ఇంకా పాటే. లంగరెయ్యండ్రా."
ఎవరిదో సెల్ లైటు ఆయన మొహం మీద పడింది.
అక్కడికి భయం వచ్చింది, చూశాను.
దాని మీద ఆయన మూత పెట్టడం చూశాను.
మూత కింద అది కదలడం కూడా.
ఒక్క రెప్పపాటు.
"ఏం లేదమ్మా, కూకోండి."
అందరం కూర్చున్నాం.
అన్ని కోట్లు పెట్టినవాళ్ళం
ఈ రెప్పపాటు కొనడం మర్చిపోయాం.

కాసేపటికి ఇంజను పట్టుకుంది.
నూకరత్నం చొక్కా వదిలి,
ఆ పిల్లాడినే, "ఎవురి పిల్లాడివిరా నువ్వు?" అని కసిరింది.

రేవులో దిగాక అడిగాను, నా నీళ్ళెలా ఉన్నాయని.
సెలవైనా గుంజకి తాడు చుడుతున్నాడు.
చుట్టు మీద చుట్టు వేసి, ముడి లాగి చూసి,
"నీళ్ళు బానే ఉన్నాయి గానీరా,
ఆటి పక్కన మడిసి లేడు" అన్నాడు.

సోమవారం మళ్ళీ డ్యూటీ.
ఈసారి ఆరు సెకన్ల తుఫాను నా వంతు.
గాలి ఎటునుంచి సార్, అని అడిగాను.
నీకెందుకన్నారు.