మొరగకు, ట్రుల్

ఉదయం ఎనిమిది.
రేవులో ఫెర్రీ కూత వేసే వేళకు
రేకు చించి గుళికను అరచేతిలో వేసుకుంటాను.
తడిసిన గొర్రెబొచ్చు మీద సారా ఒలికినట్టు కంపు.
తూరిడ్ లేచి కిటికీ తెరుస్తుంది, ఏమీ అనదు.
మింగేస్తాను.
రాత్రి ఎనిమిదికి మళ్లీ.

చిన్నప్పుడు మాకు ట్రుల్ అనే కుక్క ఉండేది.
గొర్రెలదొడ్డికి అదే గోడ, అదే తలుపు.
రెండేళ్లు తిమింగలాల ఓడ మీద తిరిగి
అన్న ఐవిన్ద్ ఇంటికొచ్చిన రోజు
గడ్డంతో, మరేదో సముద్రపు వాసనతో
వాకిట్లో కాలు పెట్టాడో లేదో
పిక్క పట్టుకుంది.
"మనవాడే ట్రుల్, మనవాడే!" అని అమ్మ అరిచింది.
మనవాడని చెబితే కుక్కకేం తెలుస్తుంది?
దానికి వాసనే చుట్టరికం.

ఓస్లో ఆసుపత్రిలో
పక్క మంచం మీద గౌను కింద ఆ మచ్చ మళ్లీ చూశాను.
నాన్న పడవల కొట్టం ఎవరిదన్న గొడవలో
పదకొండేళ్లుగా మాకు మాటల్లేవు.
అయినా ఉత్తరం అందిన వారానికే రైలెక్కి వచ్చాడు.
"సగం కలిసింది" అంది డాక్టరమ్మ, కాగితం చూపిస్తూ.
నోళ్లు కలవని చోట
రక్తంలో సగం కలిసిందట.

అన్న కిడ్నీ బల్ల మీదే పని మొదలుపెట్టిందన్నారు.
పద్దెనిమిది రోజులు సీసాలు నింపుకుంటూ
పిల్లాడిలా మురిసిపోయాను.
పంతొమ్మిదో రోజు జ్వరం.
పొత్తికడుపులో కుట్టు కింద బరువు,
క్రియాటినిన్ మెట్లెక్కుతోంది.
ట్రుల్ లేచింది.
అన్నే అని దానికి ఎవరు చెప్పాలి?

మూడు రోజులు స్టెరాయిడ్ సీసాలు దించారు నాలోకి.
"ఆ కుక్కని చంపెయ్యకూడదా?" అన్నాను మగతలో.
కుక్క సంగతి డాక్టర్ హౌగ్లాన్ద్‌కు ఎవరు చెప్పారో, నేనే చెప్పి ఉంటాను.
"చంపితే నక్క దూరుతుంది.
అరకన్ను తెరిచి పడుకోవాలి అది" అంది.
నిజమే, మోతాదు పెంచిన నెలలో
పెదవి నిండా పొక్కులు, ఊపిరితిత్తుల్లో బూజు,
నక్క వచ్చి ఒక రాత్రంతా నా గుండె మీద కూర్చుంది.
మోతాదు తగ్గించారు. మళ్లీ పెంచారు.
అరకన్ను అంటే ఎంతో
ప్రతి వారం నా రక్తం చూసి లెక్కకడతారు.

ఈ గుళిక పుట్టిల్లు మా కొండపైనేనట.
సెలవులకొచ్చిన ఓ పెద్దమనిషి
హార్డాంగెర్ పీఠభూమి మీద
ప్లాస్టిక్ సంచిలో కాస్త మన్ను పట్టుకెళ్లాడట.
ఆ మన్నులో బూజు, ఆ బూజులో నా అన్నకు నా ఒంట్లో చోటు.
ఆ పీఠభూమి మీద మేమిద్దరం
చేపలు పట్టిన చెరువు, పొర్లి ఏడ్చిన గడ్డి, తిన్న దెబ్బలు ఉన్నాయి.
ఇప్పుడు అదే మన్నును
ఒట్టి చేతులతో ముట్టుకోవద్దంటారు నన్ను.
బంగాళాదుంపలు తవ్వాలన్నా తొడుగులు.

చిగుళ్లు ఉబ్బాయి. నుదుటి మీద వెంట్రుకలు మొలిచాయి.
చేతులు వణుకుతాయి.
ముప్పై ఏళ్లు ఇంజన్ గదిలో పని చేసినవాణ్ణి
నట్టుని మర మీద ఎక్కించలేకపోతున్నాను.
ఆదివారాలు అన్న వస్తాడు.
బోల్టు అతను పట్టుకుంటాడు, నేను తిప్పుతాను.
చేపల ధరలు, డీజిల్ ధర, తూరిడ్ మోకాలు,
వీటి గురించే మాట్లాడుకుంటాం.
కొట్టం దగ్గరికి రాగానే ఇద్దరం
కాఫీ చల్లారిందంటాం.

కిడ్నీ ఇచ్చాడు.
తాళంచెవి ఇంకా అతని జేబులోనే ఉంది,
వంగినప్పుడల్లా చప్పుడు చేస్తుంది.

గోడ గడియారం నాకంటే ముందు అతనే చూస్తాడు.
"ఎనిమిదైంది" అంటాడు.
రేకు చించేది కూడా అతనే,
నా వేళ్లు జారతాయని.
కంపుకి మొహం చిట్లించి
కుడికాలు గోక్కుంటాడు,
పాత కాటు దగ్గర.