సుగ్గి కాలమ్

ఆదోని డిగ్రీ కాలేజీ, రూమ్ నంబర్ ఏడు.
ప్రొజెక్టర్ కోసమని కిటికీలకు
ఎన్‌సీసీ దుప్పట్లు కట్టినాం.
బెంగళూరు ఫౌండేషన్ నుంచి వచ్చిన పిల్లోడు
మొదటి స్లైడ్‌లోనే మమ్మల్ని ఎర్రగా చూపించినాడు.

ఎరుపంటే
నూటికి నలభై ఒక్కరు మధ్యలో మానేసినారని.
పచ్చగుండే కాలేజీలు యాడున్నాయో చెప్పలేదు.
కాలవ నీళ్లు పారే తట్టు అనుకుంటా.

నా ఒళ్లో అటెండెన్స్ రిజిస్టర్.
ఉసేనమ్మ, రెండో సంవత్సరం, హిస్టరీ.
కోసిగి నుంచి పాసింజర్‌లో వస్తాది.
జనవరి పదకొండు తర్వాత అన్నీ సున్నాలే.
వాళ్లమ్మెంట సుగ్గికి పోయింది, గుంటూరు మిరప చేన్లకు.
పోయినేడు మార్చిలో ఇట్లే తిరిగొచ్చి
వేళ్ల మంటకు పెన్ను నిలవక
చన్నీళ్ల సీసా పక్కన పెట్టుకుని
ఇంటర్నల్ రాసిన పిల్ల.
మానేయడం అంటే అదేనా?

చెయ్యెత్తినా.
"సార్, మీ పట్టికలో సుగ్గికి ఒక కాలమ్ పెట్టండి."
"సుగ్గి అంటే?"
ఫ్యాను చప్పుడు.
ప్రిన్సిపాల్ గారు నా తట్టు చూసిన చూపు.
"ఫార్మాట్ పైనుంచి వచ్చింది మేడం, కాలమ్ కుదరదు."
మద్దిలేటి సారు నా చెవి దగ్గర గొణిగినాడు:
"కాలం కాకనే కదమ్మా సుగ్గికి పోయేది,
ఈయప్ప ఆ కాలమే లేదంటాడు."

ఒక్క స్లైడ్ మాత్రం నిజం.
కెమిస్ట్రీ ల్యాబ్ తాళం రెండేళ్లుగా తీయలేదు.
దానికి మాలో ఎవరం చెయ్యెత్తలేదు.

సాయంత్రం స్టాఫ్ రూములో వినతిపత్రం.
సుగ్గి పిల్లలకు ఏప్రిల్‌లో వేరే టర్మ్ పెట్టమని,
హిస్టరీ గ్రూపు ఎత్తేయొద్దని.
"కోరుతున్నాం" అనాల్నా "డిమాండ్ చేస్తున్నాం" అనాల్నా?
దాని మీదే గంటసేపు, రెండు దఫాలు టీ.
ఆఖరికి "వినయపూర్వకంగా మనవి" అని పడింది.
మా డీఏ కోసం తొమ్మిదిసార్లు టెంటేసినోళ్లం,
అప్పుడు ఈ మాట ఎవరికీ గుర్తు రాలేదు.

పర్మినెంటోళ్లు ముందు పెట్టినారు సంతకం.
కాంట్రాక్టోళ్లం జూన్ రెన్యువల్‌ను తలుచుకుని పెట్టినాం.
గంటల లెక్కన జీతం తీసుకునే ఈరన్న
పెన్సిల్‌తో పెట్టినాడు.
ఎవరమూ ఏమీ అనలేదు.

కాగితం పట్టుకుని విజయవాడ పోయిన
సంఘం కార్యదర్శి చిదంబరయ్య సారు
మూడు దినాలకు నీలం బ్యాగుతో దిగినాడు.
బ్యాగు మీద ఫౌండేషన్ ముద్ర.
"వర్క్‌షాప్ పెట్టినారు, మంచోళ్లేనబ్బా.
మన మాట రాసుకున్నారు."
బ్యాగులోంచి అందరికీ ఒక్కో పెన్ను తీసిచ్చినాడు.
నేనూ తీసుకున్నా.
సాఫీగా రాస్తాది, అబద్ధమెందుకు.

రిపోర్టు వచ్చింది. నూటపన్నెండు పేజీలు, నున్నని కాగితం.
వెతికితే అనుబంధంలో ఒక్క వాక్యం:
"అధ్యాపకుల అభిప్రాయాలు సేకరించడమైనది."
కింద మా సంతకాల ఫోటో, అగ్గిపెట్టంత.
ఈరన్నది ఎక్కలేదు.
వచ్చే జూన్ నుంచి హిస్టరీలో అడ్మిషన్లు లేవు.

మొన్న ఉసేనమ్మ వచ్చింది.
ఎండకు కమిలిన మొహం, చేతులు వెనక్కి పెట్టుకుని
గడప దగ్గరే నిలబడి అడిగింది:
"మేడం, నా పేరుందా?"

ఉందో లేదో చూడకుండానే ఉందన్నా.
ఆ పిల్ల బెంచీలో కూచున్నాక
స్కేలు పెట్టి రిజిస్టర్లో ఒక గీత కొట్టినా,
దాని పక్కన ఇంకొకటి.
పైన "సుగ్గి" అని రాసినా, ఆ ఫౌండేషన్ పెన్నుతోనే.
కోసిగోళ్లు, కౌతాళమోళ్లు, పెద్దకడబూరోళ్లు,
పదిహేడు పేర్లకు సరిపోయింది గడి.

సోమవారం ఇన్‌స్పెక్షన్.
ఇదేందని అడిగితే
ఏం చెప్పాల్నో
ఇంకా అనుకోలేదు.