నూటికి ఎనిమిది

రెడ్‌హిల్స్ దవాఖాన్ల, కింది అంతస్తుల,
పొద్దుగాల ఏడున్నరకు
మేమంత నీళ్లు తాగుతుంటం.
అర లీటరు. గడియారం చూసి తాగాలె.
మూత్రసంచి నిండితె పేగులు పైకి జరుగుతయట,
కిరణాలు వాటికి అంతగ తగలవట.
కుత్బుద్దీన్ సాబ్ గ్లాసు ఎత్తి నా దిక్కు చూసి
"చీర్స్" అంటడు.
దినాం అదే మాట. దినాం నవ్వుత.

ముప్పై నాలుగేండ్లు జలమండలిల లైన్‌మన్‌ని.
ఆసిఫ్‌నగర్ నుంచి మల్లేపల్లి దాక
మట్టికింద ఏ పైపు ఎప్పుడు వేసిన్రో
నోటికొచ్చు.
అర్ధరాత్రి, బండ్లు నిలిచినంక,
ఇనుప కడ్డీ రోడ్డుమీద నిలబెట్టి
పై కొసకు చెవి ఆనిస్తె
కింద నీళ్లు మాట్లాడేటియి.
ఈడ పగుల్తది, ఈ వానకాలం దాటదు, అని
రిజిస్టర్ల రాసేటోన్ని.
రాసినయి కొన్ని పగిలినయి.
కొన్ని ఇయ్యాల్టికీ పారుతున్నయి.
రాయని జాగల, చప్పుడే లేని జాగల
నడిరోడ్డు కుంగి
గుడ్ల ఆటో పడ్డది ఓసారి.

అందుకే ఆ పిల్ల, నౌషీన్, మిషన్ లెక్కలు కట్టే పిల్ల
కంప్యూటర్ల నా నడుము అడ్డకోత తిప్పి సూపిస్తుంటె
కుర్చీ దగ్గరికి జరుపుకున్న.
ఎర్ర గీత గ్రంథి. పసుపు గీత మూత్రసంచి.
మట్టిరంగు గీత చివరి పేగు.
ఎంత ముక్కకు ఎంత కిరణం తగిలితె
ఐదేండ్లకు, పదేండ్లకు
ఏమైతదో చెప్పే వంకర గీత ఇంకోటి.
"మీ అసోంటోళ్లల్ల నూటికి ఎనిమిదిమందికి
దొడ్డికి పోయినప్పుడు రక్తం పడొచ్చు, అంకుల్.
ఇంకా..." అని ఆగి
డాక్టరమ్మ దిక్కు చూసింది.
సంసారం సంగతా, అని నేనే అన్న.
తలూపింది.
ఏసీ చప్పుడు మస్తు పెద్దగ వినవడ్డది.

ఆ నూరుమంది ఎవరమ్మా?
మీకు ముందు ఇసోంటి టేబుల్ మీద పండుకున్నోళ్లు, అన్నది.
ఏండ్లకేండ్లు ఫోన్లు చేసి అడిగి రాసుకున్నరట:
రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నరు,
బట్టలు తడుస్తున్నయా,
పెండ్లికి పోతె బాత్రూం ఏడుందని
ముందుగాల్నే అడుగుతున్నరా.
కొందరు సిగ్గుపడి, మంచిగనే ఉన్నమన్నరట.
"వాళ్ల సిగ్గు కూడ ఈ గీతల కలిసే ఉంది, అంకుల్.
ఎంతుందో మాకు తెల్వది."

కుత్బుద్దీన్ సాబ్ ఈ లెక్కలు విననన్నడు.
ఛోడో భాయ్, డెబ్బై మూడేండ్లకు
పదేండ్ల ముచ్చట ఎందుకు, అన్నడు.
బయట స్తంభం చాటుకు నిలబడి
వేళ్లమీద ఏండ్లు లెక్కపెట్టుకునుడు
నేను చూసిన. చూడనట్టే వచ్చేసిన.

ఇంటికొచ్చి చంద్రకళకు చెప్పిన.
రొట్టెపిండి పిసుకుతాంది.
ఎనిమిదా? మిగిలిన తొంభై రెండు పెద్దదా చిన్నదా?
పెద్దదే.
మరింకేంది, అన్నది.
జరసేపయినంక
పిండిల చేతులు అట్లనే పెట్టి
"ఆ ఎనిమిదిమంది పెండ్లాలకు
ఎవలన్న ఫోన్ చేసిన్రా?"

తెల్లారి అదే అడిగిన.
ఫారంల అసోంటి గడి లేదన్నది నౌషీన్.
లేదని, పెన్ను మూత తీసి, పెట్టి,
మళ్ల తీసింది.

మిషన్ నా చుట్టు తిరుగుతది.
నొప్పి లేదు, వేడి లేదు, వాసన లేదు.
కదలకుండ పండుకొని చెవి లోపలికి పెడ్త.
ఒంట్ల ఏ మూలనో
పదేండ్లకు కారబోయే చుక్క
ఇప్పుడే బయలెల్లిందేమో అని.
ఏం వినరాదు. కడుపునిండ నీళ్లు,
ఎప్పుడు లేద్దునా అన్న ఆత్రం.

ఇరవయ్యో రోజు అయిపోయింది.
ఆర్నెల్లకోసారి ఫోన్ చేస్తం, నంబర్లు రెండు రాయున్రి, అన్నరు.
మొదటిది నాది.
రెండోది, అద్దాలు సర్దుకొని
అంకె అంకె తప్పుపోకుంట
ఆమెది రాసిన.