నాలుగు వేళ్ళ ఖాళీ

ఛత్రపురం నుంచి పాణిగ్రాహి బాబు
మోటారు సైకిలు దిగకుండానే కాగితం అందించాడు.
"మీ సంఘం ఎదుగుదలకు కారణాలు."
కింద నాలుగు వేళ్ళంత ఖాళీ.
సాయంత్రానికి నింపి ఉంచమన్నాడు.

నేను ఎక్కాలు ఒడియాలో నేర్చుకున్నదాన్ని.
అప్పులు మాత్రం తెలుగులోనే తెలుసు.
పెన్ను మూత నోట్లో పెట్టుకుని
ఎర్రమెట్టపేట ఇసుకలో కూర్చున్నాను.
ఎదురుగా నెత్తళ్ళు ఎండుతున్నాయి.
పుల్ల పట్టుకుని కాకుల్ని తోలుతూ ఎర్రమ్మత్త.

ఎక్కణ్ణించి మొదలెట్టను?
సావుకారు తక్కెడ నుంచా?
ఆయన మమ్మల్నెప్పుడూ వడ్డీ అడగలేదు బాబూ.
వల కొనుక్కోమని పాతికవేలు నవ్వుతూ ఇచ్చేవాడు.
పడవ ఒడ్డుకి తగిలేసరికి
తక్కెడతో నిలబడి ఉండేవాడు.
వంజరం రేటు ఆయన నోట్లో ఉండేది,
చందువ బరువు ఆయన బొటనవేల్లో.
అసలు అసలుగానే
తాత పేరు మీంచి నాన్న పేరు మీదికి
పడవతో పాటు దిగేది.

బరంపురం బ్యాంకు నెలకోసారి కట్టమంది.
సముద్రానికి నెలలు తెలీవు.
అందుకే మేం వాయిదాకి మొత్తం రాసుకోలేదు.
కవళ్ళు తగిలిన వారం యాభై,
ఉత్త వల లాగిన వారం రెండు రూపాయలు,
వేట ఆపేసిన రెండు నెలలూ
వచ్చి వేలిముద్ర వేసి పోతే చాలు,
ఉన్నానని తెలియడానికి.
ఇది కారణమేనా?
ఏమో, ఖాళీలో పట్టదు.

పెట్టె సంగతి రాయాలంటే సిగ్గు.
మూడు వీధులు, మూడు తాళాలు, మూడు చెవులు.
నమ్మకం కొద్దీ కాదు.
బడే ఎర్రమ్మత్తకీ చీకటి దానమ్మకీ
కుళాయి దగ్గర గొడవై
అప్పటికే ఆరేళ్ళుగా మాటల్లేవు.
మైలపిల్లి పోలమ్మ ఇద్దర్నీ నమ్మదు.
సరిగ్గా అందుకే వాళ్ళని ఏరాం.
ఒకరి చెయ్యి జారితే
మిగతా ఇద్దరూ పండగ చేసుకుంటారని.

ఆదివారం ఆదివారం ముగ్గురూ
మొహాలు మూడు దిక్కులకి తిప్పుకుని
పెట్టె తెరిచేవాళ్ళు.
ఒక్క రూపాయి తేడా వచ్చి
ఓసారి దీపాలు పెట్టేదాకా ఎవరూ లేవలేదు.
అది నా లెక్కల పుస్తకం అట్టలో దొరికింది.
ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

అధ్యక్షురాలి తమ్ముడు ఇంజనుకి అప్పడిగాడు.
పాత బాకీ తీరలేదని పోలమ్మ చెవి ఇవ్వలేదు.
నెల్లాళ్ళు ఆ ఇంట్లోవాళ్ళు
మా గుమ్మం ముందు నుంచి నడవలేదు.
ఆ నెల్లోనే
పైవీధి నుంచి పద్నాలుగు మంది చేరారు.
ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

తుపాను ఏడాది
పేట పేటంతా బడి మేడ మీద పడుకుంది.
బియ్యం మూటల మధ్య పెట్టెని పెట్టి
దానమ్మ దాని మీదే కూర్చుని కునికింది.
నీళ్ళు దిగిన మూడోరోజు
తడిసిన నోట్లని నెత్తళ్ళలా చాప మీద ఆరబెట్టి
అడిగినవాళ్ళకి అడిగినంతా ఇచ్చేశాం.
పెట్టె అడుగు కనబడింది.
ఆ మరుసటి ఆదివారం
వరసలో నిలబడ్డానికి చోటు లేదు.
తీసుకోడానికి కాదు.

దానమ్మ మొన్న మాఘంలో పోయింది.
ఎత్తకముందే కోడలు
మెడలోని నల్లతాడు విప్పి చెవి తెచ్చిచ్చింది.
ఎర్రమ్మత్త పెట్టె తెరిపించింది.
మూడుసార్లు లెక్కపెట్టించింది.
"సరిపోయింది" అంది.
అని, ఇసుకలో కూలబడి,
పదిహేడేళ్ళకి మొదటిసారి ఆ పేరు పెట్టి పిలిచింది, కోపంగా.
"ఒలే దానీ,
ఇంక నన్నెవులు అనుమానిస్తారే!"

పొద్దు వాలింది.
దూరంగా మోటారు సైకిలు చప్పుడు.
ఖాళీలో రాశాను, ఒడియాలో, గుండ్రంగా:
"సభ్యుల పరస్పర విశ్వాసం."
బాబు చదివి తలాడించాడు,
బాగుందన్నాడు, ముద్ర కొట్టాడు.

ఏం రాశావే, అంది ఎర్రమ్మత్త.
చెప్పాను.
కాకి మీదికి ఎత్తిన పుల్ల
నా మీదికి విసిరింది.